ఇంట్లో చిన్న వర్క్‌షాప్‌కి గాలి లైను: 50 లీటర్ల కంప్రెసర్ చాలుతుందా, ఏ పైపు వేయాలి?

చెక్కపని_షెడ్డు:

అందరికీ నమస్కారం. ఇంటి పక్కనున్న షెడ్డుని వర్క్‌షాప్‌గా మార్చుకుంటున్నాను. పొడవు 7 మీటర్లు, వెడల్పు 4. చేసేది ఎక్కువగా చెక్కపని, సెలవు రోజుల్లో పాత బైకు విప్పి బిగించడం. ఇన్నాళ్లూ అన్నీ కరెంటు టూల్స్‌తోనే నెట్టుకొచ్చాను కానీ, చెక్కపొట్టు ఊదుకోవడానికీ, సన్న మేకులు కొట్టడానికీ, అన్నిటికన్నా ముఖ్యంగా అల్మారా తలుపులకు స్ప్రే కొట్టడానికీ కంప్రెసర్ ఉంటే పని ఎంత తేలికవుతుందో ఒక స్నేహితుడి దగ్గర చూశాను. అప్పటి నుంచీ అదే ఆలోచన.

నేను చూసిపెట్టుకున్నది 2 హెచ్‌పీ మోటారు, 50 లీటర్ల ట్యాంకు, బెల్టుతో తిరిగే ఆయిల్ రకం. ప్లేటు మీద 8 సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న లెక్క), 8 బార్ (గాలి ఒత్తిడి) అని ఉంది. దాని మీద వాడాలనుకున్నవి సన్న మేకుల నెయిలర్, బ్లో గన్, టైర్లకి గాలి, బైకు నట్లకి అర అంగుళం ఇంపాక్ట్ రెంచ్, హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో రంగు చల్లే రకం) స్ప్రే గన్ను. వీలైతే తర్వాత గాలితో నడిచే శాండర్ కూడా.

ఇది సరిపోతుందా లేక ఇంకా పెద్దది చూసుకోవాలా? గోడ పొడవునా పైపు వేసి మూడు చోట్ల కనెక్షన్ పెట్టుకోవాలని ఉంది, ప్లంబర్ ఏమో పీవీసీ వేసేయండి, దాని మీద 10 బార్ అని రాసే ఉంటుంది, మీది 8 కదా అంటున్నాడు. వినడానికి సబబుగానే ఉంది గానీ ఎందుకో మనసు ఒప్పుకోవట్లేదు. నీళ్లు పట్టే ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి, కంప్రెసర్ షెడ్డు లోపలా బయటా, ఈ రెండూ కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_ఫిట్టర్:

ముందు ఆ 8 సీఎఫ్ఎం సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. అది పిస్టన్ సైజు, అది నిమిషానికి ఎన్నిసార్లు కొడుతుంది అన్నది చూసి కాగితం మీద లెక్కగట్టిన అంకె, డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. నిజంగా ట్యాంకులోకి చేరే గాలిని ఎఫ్ఏడీ అంటారు, ఇలాంటి చిన్న మెషిన్లలో అది డిస్‌ప్లేస్‌మెంట్‌లో మూడింట రెండు వంతులు ఉంటే మంచిదే అనుకోవాలి. అంటే మీ చేతికొచ్చేది 5 సీఎఫ్ఎం. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు కాబట్టి సుమారు 140 లీటర్లు. ఇకమీదట ఏ టూల్ కొన్నా ఈ 140తోనే పోల్చి చూసుకోండి.

నెయిలర్, టైర్లు, బ్లో గన్, వీటికి ఢోకా లేదు. ఇంపాక్ట్ రెంచ్ కూడా నట్టుకి నాలుగైదు సెకన్లే నొక్కుతారు కాబట్టి నడిచిపోతుంది. చిక్కంతా స్ప్రే గన్నుతోనే. మామూలు హెచ్‌వీఎల్‌పీ గన్ను 10 సీఎఫ్ఎం అటూ ఇటూగా తాగుతుంది, కొన్ని అంతకన్నా ఎక్కువే. 10 అనే అనుకుని ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే ట్యాంకు పెద్దదైతే సరిపోతుందిలే అన్న భ్రమ చాలామందికి ఉంటుంది.

ట్యాంకులో 8 బార్ ఉన్నప్పుడు స్ప్రే మొదలుపెట్టారు. 6 బార్‌కి దిగేదాకా మోటారు స్టార్ట్ కాదు. ఆ 2 బార్ అంటే 50 లీటర్ల ట్యాంకులో 100 లీటర్ల గాలి, గన్ను నిమిషానికి 280 లీటర్లు లాగుతుంటే 20 సెకన్లలో అయిపోతుంది. మోటారు అందుకుంటుంది, 140 వస్తుంది, 280 పోతుంది. గన్నుకి కనీసం 3 బార్ కావాలనుకుంటే 6 నుంచి 3 దాకా ఇంకో 150 లీటర్లు ఉన్నాయి, అవి ఒక నిమిషం పైచిలుకు వస్తాయి. మొత్తం నిమిషంన్నర లోపే. ఆ తర్వాత గన్ను నోట్లోంచి రంగు పొగలా కాకుండా చుక్కలు చుక్కలుగా పడడం మొదలవుతుంది. మళ్లీ 8 బార్ నిండాలంటే దాదాపు 2 నిమిషాలు ఆగాలి. ఒక తలుపు ఒక పక్క కొట్టి, ఆగి, రెండో తలుపు కొట్టే ఓపిక ఉంటే పని జరుగుతుంది. కానీ మోటారు ఇంచుమించు ఆగకుండా తిరుగుతుంది, అది దానికి మంచిది కాదు. ఈ సైజు మెషిన్లు చాలావరకు తిరిగినంత సేపు ఆగాలి అన్న లెక్కతో తయారైనవే. హెడ్డు (పిస్టన్ పైనున్న మూత భాగం) వేడెక్కితే లోపలి వాల్వ్ పత్రాల మీద ఆయిల్ మాడి మసి కడుతుంది, ఆ తర్వాత ప్రెజర్ ఎక్కదు.

అందుకని నా సలహా, మెషిన్ ఇదే తీసుకోండి, గన్ను మార్చండి. ఎల్‌వీఎల్‌పీ అని వస్తుంది, తక్కువ గాలి చాలే రకం, 4 నుంచి 6 సీఎఫ్ఎంతో నడుస్తుంది. తలుపులకి బాగా సరిపోతుంది. శాండర్ మాత్రం కరెంటుదే ఉంచుకోండి. గాలి శాండర్ 10 సీఎఫ్ఎం పైనే అడుగుతుంది, అదీ ఆగకుండా. దాని కోసం కంప్రెసర్ సైజు పెంచుకుంటూ పోతే ఇంటి కరెంటు చాలదు.

పైపు విడిచిన_ప్లైవుడ్:

పీవీసీ అన్న మాట చూసి రాస్తున్నాను. దయచేసి వేయకండి. మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే.

నేను వేశాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కాబట్టి వద్దన్నవాళ్ల మాట కొట్టిపారేశాను. ఒకరోజు గోడకి ఆనించిన చెక్క జారి ఎల్బో మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. టపాకాయ పేలినట్టు చప్పుడు, ఆ తర్వాత చెవుల్లో గుయ్‌మని మోత, షెడ్డంతా దుమ్ము. నేను ఆ పక్కకి తిరిగి లేను, అదొక్కటే నా అదృష్టం. దుమ్ము సర్దుకున్నాక చూస్తే ఎదురుగోడకి పెట్టిన ప్లైవుడ్‌లో వేలెడంత పీవీసీ ముక్క నిలువుగా గుచ్చుకుని ఉంది, చేత్తో లాగితే రాలేదు, పకారుతో పీకాను. అంచు గాజుపెంకులా ఉంది. ఆ ప్లైవుడ్ ముక్క ఇప్పటికీ దాచాను, ఎవరైనా పీవీసీ మాటెత్తితే చూపిస్తాను.

పైపు మీద రాసిన 10 బార్ నీళ్లకి. నీళ్లని నొక్కినా దగ్గరపడవు, అందుకే పైపు పగిలితే ఒక్క చిమ్ము చిమ్మి ప్రెజర్ చచ్చిపోతుంది. గాలి అలా కాదు, బిగించిన స్ప్రింగు లాంటిది, పైపు పగలగానే లోపల దాగిన బలమంతా ఒక్కసారిగా వ్యాకోచించి ఆ ముక్కల్ని విసిరికొడుతుంది. పైగా కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, వేడికి పీవీసీ బలం తగ్గుతుంది. ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా 1988లోనే, భూమిపైన వేసే గాలి లైన్లకి పీవీసీ వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. ఇది ఇవాళ కొత్తగా తెలిసిన సంగతి కాదు. సీపీవీసీ (వేడినీళ్లకి వాడే పీవీసీ రకం) అయినా ఇదే కథ.

మరి ఏది వేయాలి అంటే రాగి గొట్టం శ్రేష్ఠం, టంకం వేయడం వచ్చి ఉండాలి. గాలి కోసమే తయారైన అల్యూమినియం పైపులు వస్తాయి, నొక్కితే పట్టేసే ఫిట్టింగులతో, ఒక పూటలో అయిపోతుంది. జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) గట్టిదే, పగిలే భయం లేదు, కాకపోతే లోపల తుప్పు పడుతుంది, జింకు పొట్టు రాలి నెయిలర్‌లోకీ గన్నులోకీ వస్తుంది, కాబట్టి జీఐ వేస్తే ప్రతి కనెక్షన్ దగ్గరా ఫిల్టర్ ఉండాలి.

ఇంకో మాట, 7 మీటర్ల షెడ్డుకి అసలు పైపు అవసరమా? మధ్యలో పైకప్పుకి ఒక హోస్ రీలు వేలాడదీస్తే 10 మీటర్ల హోస్ మూలమూలకీ అందుతుంది. ఆ ఎల్బో పేలాక నేను చేసింది అదే, మళ్లీ గోడకి పైపు వేయాలనిపించలేదు.

పాలిష్_చేయి:

పై ఇద్దరూ బాగా చెప్పారు. నేను నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే స్ప్రే కొట్టేవాడికి సగం ఏడుపు అక్కడే.

గాలిలో ఎన్ని నీళ్లుంటాయిలే అనుకుంటాం. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా ఆవిరి పట్టి ఉంచగలదు. ముసురు పట్టిన రోజు తేమ 80 శాతం ఉందనుకోండి, 24 గ్రాములు. ఆ గాలిని 8 బార్‌కి నొక్కితే, బయటి గాలి ఒత్తిడి 1 బార్ కూడా కలిపి 9 కాబట్టి, తొమ్మిదో వంతు చోటులోకి కుదించుకుపోతుంది, అది చల్లబడి మళ్లీ 30 డిగ్రీలకి వచ్చేసరికి ఆ కాస్త చోటులో మూడున్నర గ్రాముల కన్నా పట్టవు. మిగిలిన 20 గ్రాములూ నీళ్లయిపోతాయి. మీ మెషిన్ గంట తిరిగితే 8 ఘనపు మీటర్లకి పైగా గాలి లాగుతుంది. 8 ఇరవైలు 160. అంటే గంట పనికి ఒక గ్లాసు నీళ్లు మీ ట్యాంకులోనో పైపులోనో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే, తప్పించుకునే దారి లేదు. అవి ఎక్కడ దిగాలో నిర్ణయించడమే మీ పని.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు, ఫిల్టర్ తీసుకెళ్లి ట్యాంకు మూతి దగ్గర బిగిస్తారు. మోటారు ఆగకుండా తిరుగుతున్నప్పుడు అక్కడ గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది, నీళ్లు ఆవిరి రూపంలోనే ఫిల్టర్ దాటిపోతాయి. అవతల పైపులో చల్లబడి చుక్కలవుతాయి, నేరుగా గన్నులోకి వస్తాయి. ఫిల్టర్ పట్టేది చుక్కల్ని, ఆవిరిని కాదు. అందుకే గాలి కాస్త దూరం ప్రయాణం చేసి చల్లబడ్డాక, వాడే చోటుకి దగ్గరగా ఫిల్టర్ పెట్టాలి. పైపు వేసే పనైతే దాన్ని మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుతో వేయండి, వాలు చివర కిందికి ఒక ముక్క దింపి దానికి బాల్ వాల్వ్ పెట్టండి, నీళ్లు అక్కడికి చేరతాయి. కనెక్షన్లు మాత్రం మెయిన్ పైపు కింది నుంచి తీయొద్దు. పైకి తీసి, వంపు తిప్పి, కిందికి దింపండి. నీళ్లు పైపు అడుగున పారుతుంటాయి, పైనుంచి తీసిన దారిలోకి ఎక్కలేవు. ఈ ఒక్క పనితో సగం నీళ్ల గోల తీరుతుంది, పైసా అదనపు ఖర్చు లేదు.

పాలిష్ రోజు మాత్రం గన్నుకి ముందు సిలికా జెల్ డ్రయ్యర్ ఒకటి పెట్టుకోండి. గింజలు రంగు మారితే తేమ పీల్చేసినట్టు, వేడి చేసి ఆరబెట్టుకోవచ్చు.

నాకు ఒక తలుపు గుర్తుండిపోయింది. లేత రంగు, మూడో కోటు, కిటికీ వెలుతురులో పక్క నుంచి చూస్తే అద్దంలా ఉంది. నడుమ మాత్రం మినపగింజంత గుండ్రటి గుంట, దాని అంచున రంగు చిన్న గట్టులా లేచి ఉంది, అడుగున ముందు కోటు కనపడుతోంది. చెయ్యి పెట్టకుండానే అర్థమైంది, అది నీళ్లు కాదు, నూనె. ముందురోజు అదే హోస్‌తో ఇంపాక్ట్ రెంచ్ నడిపాను, దాని కోసం లైన్లో లూబ్రికేటర్ (గాలిలో నూనె కలిపేది) పెట్టి ఉంది. ఆ హోస్ లోపలంతా నూనె పట్టేసింది. ఎన్ని కోట్లు కొట్టినా రంగు ఆ చోటు నుంచి తొలగిపోతూనే ఉంది, చివరికి మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను. అందుకే లైన్లో లూబ్రికేటర్ పెట్టొద్దు. రెంచ్ వాడే ముందు దాని గాలి మూతిలో నాలుగు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేసి బిగించండి చాలు. స్ప్రే హోస్ విడిగా కొనుక్కుని, దానికి రంగు టేపు చుట్టి, ఇంకే పనికీ వాడకండి.

చెక్కపని_షెడ్డు:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్. పీవీసీ ఆలోచన మానేశాను, ప్లంబర్‌కి కూడా ఆ ప్లైవుడ్ కథ చెప్పాను. గోడకి పైపు లేదు, రీలే. గన్ను ఎల్‌వీఎల్‌పీ తీసుకుంటున్నాను.

ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. షెడ్డులో ఉన్నది ఒకే ప్లగ్గు, కంప్రెసర్‌ని బయట గోడ పక్కన పెడితే అక్కడికి 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు లాగాలి, పర్వాలేదా? చప్పుడు ఎక్కువని చెక్క పెట్టె చేసి అందులో పెడితే ఎలా ఉంటుంది?

పాత_ఫిట్టర్:

విసుగెందుకు, కొనకముందే అడుగుతున్నారు, అదే మంచిది.

ఎక్స్‌టెన్షన్ వద్దు. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా లాగేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పొడవాటి సన్న వైరులో అప్పుడు వోల్టేజీ పడిపోతుంది, మోటారు తిరక్కుండా మూలుగుతుంది, నాలుగైదు సార్లు అలా జరిగితే కెపాసిటరో వైండింగో కాలిపోతుంది. కరెంటు వైరు పొట్టిగా, గాలి హోస్ పొడవుగా, ఇదే సూత్రం. బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడిగా ఒక లైను, దానికి సీ టైప్ ఎంసీబీ (మోటారు స్టార్టింగ్ కరెంటుకి ఊరికే పడిపోని బ్రేకర్), ఎర్తింగ్ సరిగ్గా, ఇవి ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి.

చోటు బయటే మంచిది, పైన నీడ ఉండాలి, వాన తగలకూడదు. చప్పుడు ఒక్కటే కాదు కారణం. మీరు లోపల థిన్నర్ కలిపిన పాలిష్ కొడతారు, ఆ ఆవిరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. ప్రెజర్ స్విచ్ కలిసినప్పుడూ విడినప్పుడూ లోపల చిన్న మెరుపు వస్తుంది. ఆ రెండూ ఒకే గదిలో ఉండకూడదు. చెక్కపొట్టు పీల్చకుండా ఉండడం ఇంకో లాభం.

చెక్క పెట్టె ఆలోచన మానుకోండి. ఆ మెషిన్ చల్లబడేది చుట్టూ ఆడే గాలితోనే, పుల్లీకి ఉన్న రెక్కలు హెడ్డు మీదికి గాలి విసురుతాయి. గోడకి పుల్లీ వైపు ఒక అడుగైనా జాగా వదలండి. బెల్టు రకం కాబట్టి నేరుగా మోటారుకి తగిలించిన ఆయిల్ లేని వాటంత గోల చేయదు, కింద రబ్బరు దిమ్మలు వేస్తే ఇంకాస్త తగ్గుతుంది.

కొత్త మెషిన్ వచ్చాక ఆయిల్ గాజు కన్ను సగం దాకా ఉందో లేదో చూసుకోండి, కంప్రెసర్ ఆయిలే పోయండి, ఇంజన్ ఆయిల్ వద్దు. మోటారు ఆగగానే స్విచ్ దగ్గర ఫుస్సుమని ఒక చప్పుడు వినపడాలి, అది అన్‌లోడర్, హెడ్డు మీది ప్రెజర్ వదిలేస్తోందన్నమాట. ఆ చప్పుడు రాలేదంటే మళ్లీ స్టార్టయ్యేటప్పుడు మోటారు ఇబ్బంది పడుతుంది. అదే చప్పుడు ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే ట్యాంకు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్ కారుతోందని అర్థం, చాలాసార్లు విప్పి తుడిస్తే సరిపోతుంది. సేఫ్టీ వాల్వ్ రింగు నెలకోసారి లాగి చూడండి. అది కారుతోందని బోల్టుతో మూసేసినవాళ్లని చూశాను. ఆ పని మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా చేయకండి. ట్యాంకుకి తుప్పు చిల్లు పడితే వెల్డింగ్ పెట్టించడం కూడా అంతే, ఆ ట్యాంకు పని అయిపోయింది.

రోజూ పని ముగిశాక కింద డ్రెయిన్ విప్పి నీళ్లు వదిలేయండి. హోస్ లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. రెగ్యులేటర్ ముల్లు చూసి ప్రెజర్ సెట్ చేసేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని చూడండి, వదిలినప్పుడు చూపే అంకెకి విలువ లేదు. ఫిట్టింగులు కొనేటప్పుడు మర చూసుకోండి, రెండు రకాల కొలతలు వస్తాయి, పావు అంగుళం బీఎస్‌పీలో అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీలో 18. ఒకదానికి ఇంకో రకం తగిలిస్తే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బాగానే పట్టిందనుకుంటారు, ఎంత టెఫ్లాన్ చుట్టినా గాలి పోతూనే ఉంటుంది. బ్లో గన్‌తో ఒంటి మీద దుమ్ము ఊదుకోవద్దు, పిల్లల్ని దాని దరిదాపులకి రానివ్వొద్దు.

చెక్కపని_షెడ్డు:

మూడు వారాల తర్వాత వచ్చాను. అంతా బిగించాం. తలుపులు నాలుగు కొట్టాను, ఎక్కడా గుంట లేదు, గన్ను ఆగకుండా నడిచింది. మొదటి రోజు డ్రెయిన్ విప్పితే తుప్పు రంగు నీళ్లు దోసెడు వచ్చాయి, చెప్పి ఉండకపోతే భయపడేవాణ్ని.

ఒక్కటే సందేహం. రాత్రి 8 బార్ నింపి స్విచ్ ఆపేసి పడుకుంటే పొద్దున 5 చూపించింది. సబ్బునీళ్లు రాస్తే రీలు దగ్గరి క్విక్ కప్లర్ మీద ఆవగింజల్లా బుడగలు వరసగా లేచాయి. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు నలిగి ఉంది, మార్చాను. ఇప్పుడు పొద్దున 7.6 ఉంటోంది. ఆ 0.4 కోసం ఎక్కడ రాసినా బుడగ కనపడట్లేదు.

పాత_ఫిట్టర్:

దాని కోసం వెతకొద్దు. నింపిన వెంటనే ట్యాంకు వెచ్చగా ఉంటుంది, రాత్రికి చల్లబడుతుంది. 10 డిగ్రీలు తగ్గితేనే ముల్లు 0.3 బార్ దానంతట అదే దిగుతుంది, గాలి ఎక్కడికీ పోలేదు. ఈసారి నింపాక ఒక గంట ఆగి చూసిన అంకె రాసుకుని, పొద్దున అంకెతో పోల్చండి. నిజంగా కారుతున్నది అప్పుడు తేలుతుంది. రాత్రి ట్యాంకు దగ్గరి వాల్వ్ మూసేస్తే రీలు వైపు కారుతోందా ట్యాంకు వైపా అన్నది కూడా తెలుస్తుంది. ఆ కప్లర్ రింగులు ఇంకో రెండు కొని డబ్బాలో పడేసుకోండి, అన్నిటికన్నా ముందు అరిగేవి అవే.